ముందు సీటు బెల్టు

ఏప్రిల్ 2

ఉత్తరం నేను పనిచేసే బస్సు డిపోకి వచ్చింది. ఇంటికి రాకపోవడమే మంచిదైంది. కవరు చూస్తే లోపలి సంగతి పసిగట్టే రకం మా చెల్లెలు.

యుద్ధంలో మేం విమానం నేర్చుకున్న మైదానాన్ని ఇప్పుడొక క్లబ్బు నడుపుతోందట. అప్పటి పసుప్పచ్చ విమానాల్లో ఒకటి పాత షెడ్డులో దొరికిందట. బాగుచేశారట. మే ఇరవైన జనం ముందు ఎగరేస్తారట. అప్పట్లో నేర్చుకున్న పదకొండుమంది ఆడవాళ్ళలో నలుగురం మిగిలామట. మాలో చివరి పరీక్ష ఇవ్వకుండా ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళుంటే, ఒంట్లో శక్తి ఉంటే, మళ్ళీ నేర్పించి ఆ పరీక్ష పెడతారట. నెగ్గితే రెక్కల బ్యాడ్జీ ఇస్తారట.

అలాంటిదాన్ని నేనొక్కదాన్నే. తక్కిన ముగ్గురికీ బ్యాడ్జీలున్నాయి. తెల్లవారితే నా పరీక్ష అనగా ముందురోజు మధ్యాహ్నం యుద్ధం ఆగిపోయింది. "మీ సేవలు ఇక అవసరం లేదు" అని ఒక్క వాక్యం చదివి, టీ ఇచ్చి, రైలెక్కించారు. ఎగిరిన లెక్కలు రాసే నా లాగ్ పుస్తకంలో చివరి గీత మీద 'ఒంటరి పరీక్ష' అని రాసి ఉంది. పక్కన ఖాళీ.

నాకు యాభై అయిదేళ్ళు. మోకాళ్ళు నాకంటే ముందు మాట్లాడతాయి. వెళ్ళను.

8.40 బస్సు పదకొండు నిమిషాలు ఆలస్యం.

ఏప్రిల్ 3

వెళ్ళను.

ఏప్రిల్ 6

ఊరికే చూసొద్దామని వెళ్ళాను.

నాలుగో నంబరు బస్సు ఆ మైదానం గేటు ముందే ఆగుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ బస్సు వెళ్ళిన టైమూ వచ్చిన టైమూ రాస్తున్నది నేనే. ఎక్కడం ఇదే మొదలు.

షెడ్డులో ఒక అమ్మాయి ఇంజను తుడుస్తోంది. ముప్పై ఏళ్ళుంటాయి. చొక్కా నిండా నూనె మరకలు.

"చూడ్డానికొచ్చారా, ఎక్కడానికొచ్చారా?" అంది.

"చూడ్డానికే."

"చూడ్డానికొచ్చినవాళ్ళు రెక్క పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటారమ్మా. మీరు టైరు నొక్కారు, ఆయిలు మూత చూశారు, తోక అటూ ఇటూ ఆడించారు. ఇప్పుడు పంకా మీద చెయ్యేసి నిలబడ్డారు."

నేను గమనించనే లేదు.

నేర్పేది ఆ అమ్మాయే. నా పేరు కూడా అడక్కుండా మంగళవారం రమ్మంది. పంతులమ్మ అని పేరు పెట్టుకున్నాను.

ఏప్రిల్ 7

వారంలో మూడు సాయంత్రాలు ప్రార్థనకి వెళ్తానని చెల్లెలికి చెప్పాను. పూర్తిగా అబద్ధమేం కాదు. ఇక్కడ చేసుకునేది అక్కడ చేసుకుంటాను, అంతే.

చెల్లెలు కుట్టుమిషను ఆపలేదు. "పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట. అది చాలక ఆయన్ని వెతుక్కుంటూ వెళ్తున్నావా? దేవుడికి కాస్త ఊపిరాడనీ అక్కా."

ఆమెకి గానీ తమ్ముడికి గానీ తెలియదు. యుద్ధమంతా నేను ఆఫీసులో టైపు కొట్టాననుకుంటారు. అమ్మ అలా చెప్పింది. "నీకేమన్నా అయితే వీళ్ళకి చెప్పే ధైర్యం నాకు లేదే. టైపు కొడుతోందంటాను" అంది. అప్పటికి చెల్లెలికి పద్నాలుగు, తమ్ముడికి ఎనిమిది. యుద్ధమయ్యాక ఏడాదికి అమ్మ పోయింది. వాళ్ళని పెంచే హడావుడిలో చెప్పే వేళ దొరకలేదు.

అమ్మ మాట కోసమే చెప్పలేదు.

ఏప్రిల్ 11

క్లబ్బు డాక్టరు రక్తపోటు చూసి పెదవి విరిచాడు. పది నిమిషాలు కళ్ళు మూసుకు కూర్చోమన్నాడు. కూర్చున్నాను. మళ్ళీ చూశాడు. దిగింది.

"ఏమన్నా మాత్ర వేసుకున్నారా?"

"లేదు. మాట్లాడుకున్నాను."

ఎవరితో అని అడగలేదు. సంతకం పెట్టాడు.

ఏప్రిల్ 14

రాయాలి. చీర కూడా మార్చుకోలేదు.

ఆ విమానంలో సీట్లు ఒకదాని వెనక ఒకటి. నేర్పేవాళ్ళు ముందు, నేర్చుకునేవాళ్ళు వెనక. రెండు సీట్లకీ విమానాన్ని నడిపే కర్ర చెరొకటి, అడుగున రెండూ కలిసే ఉంటాయి. ఒకరు లాగితే రెండోవాళ్ళ చేతిలోదీ కదులుతుంది. మాట్లాడుకోవడానికి ఒక రబ్బరు గొట్టం.

ఎక్కడానికి మోకాలు ఒప్పుకోలేదు. పంతులమ్మ వెనకనుంచి తోసింది. "క్షమించండమ్మా" అంటూనే గట్టిగా తోసింది.

గడ్డి కుదుపులు. తర్వాత కుదుపులు లేవు.

వెయ్యి అడుగుల దగ్గర గొట్టంలో "ఇక కర్ర మీదే" అంది. ముప్పై మూడేళ్ళు. చెయ్యి ఏదీ మర్చిపోలేదు. ఎడమకి తిప్పాను. ఊరంతా పళ్ళెంలా వంగింది. మా వీధి, తమ్ముడి షాపు రేకులు, డిపో. పైకి లేచేటప్పుడు చెప్పుకోవాలని పొద్దున్నే ప్రార్థన ఒకటి ఎంచిపెట్టుకున్నాను. ఒక్క మాట గుర్తు రాలేదు. నవ్వొచ్చింది. పకపకా నవ్వేశాను.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు. 5.20కి వెళ్ళాల్సిన తొమ్మిదో నంబరు ఇంకా డిపోలోనే ఉంది."

ఏప్రిల్ 15

తొమ్మిదో నంబరు డ్రైవరుని అడిగాను, నిన్న 5.20 ఎందుకు తప్పిందని. తెల్లబోయాడు.

"ఆ టైముకి మీరు డ్యూటీ దిగిపోయారు కదమ్మా! ఎవరు చెప్పారు?"

"పైనుంచి కనబడింది."

సాయంత్రానికల్లా డిపోలో డ్రైవర్లందరూ నాకు దణ్ణాలు పెట్టడం మొదలెట్టారు. బస్సులన్నీ టైముకి వెళ్తున్నాయి. నా ప్రార్థన మీద వాళ్ళకి గురి కుదిరింది. నేను దిద్దలేదు.

ఏప్రిల్ 21

దిగడం కుదరడం లేదు. కప్పలా గెంతిస్తున్నాను. ఏడుసార్లు దిగామని పుస్తకంలో రాయబోతే పంతులమ్మ ఆపింది.

"ఏడెక్కడివమ్మా? నేల తగిలినవన్నీ లెక్కేస్తే ఇరవై దాకా ఉంటాయి."

ఏప్రిల్ 22

నడుం పట్టేసింది. హాయిగా ఉంది.

ఏప్రిల్ 28

చెల్లెలు నా చీర కొంగు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అక్కా, మీ దేవుడు పెట్రోలు మీద నడుస్తాడా?"

"డిపో వాసన."

"ఇరవై రెండేళ్ళుగా నీ చీరలు ఉతుకుతున్నా. డిపో వాసన నాకు తెలీదా? డిపోది డీజిలు." సూది పళ్ళ మధ్య పెట్టుకుని నా మొహంలోకి చూసింది. "పైగా నిన్న గిన్నెలు తోముతూ ఈల వేశావు."

"నేనా?"

"కాదు, గిన్నె వేసింది. ఎవరతను?"

నవ్వాపుకోలేకపోయాను. నవ్వడమే తప్పయింది. చెల్లెలు సూది తీసి, "సరే. చెప్పకు" అంది, అన్నీ తెలిసినదానిలా.

మే 1

తమ్ముడు కబురంపాడు. వెళితే షాపులో కుర్చీ దులిపి కూర్చోబెట్టాడు, మెడకి గుడ్డ కట్టాడు.

"పెద్దక్కా, జుట్టుకి రంగేయనా?"

"ఎందుకురా?"

"ఊరికే. చిన్నక్క అంతా చెప్పింది." గొంతు తగ్గించాడు. "మాకేం అభ్యంతరం లేదు. మమ్మల్ని పెంచడానికి నీ బతుకంతా పెట్టావు. ఇప్పటికైనా నీకో తోడు దొరికితే అంతకంటేనా? కాకపోతే మనిషిని ఓసారి మన షాపుకి పంపు. గడ్డం గీస్తూ నాలుగు మాటలు అడుగుతా. గొంతు మీద కత్తి ఉన్నప్పుడు ఎవడూ అబద్ధమాడడు."

"అలాంటివాళ్ళెవరూ లేర్రా."

"అలాగే అంటారు."

పక్క కుర్చీలో ఒకాయన, వాన పడేలా ఉందా అన్నాడు. ఆ ప్రశ్న కోసమే షాపు తెరిచినట్టు తమ్ముడు దువ్వెన ఎత్తాడు.

"విమానం రెక్క ఊపిందా సార్? ఊపితే వాన. నా ఎనిమిదో ఏట మా డాబా మీదకి పసుప్పచ్చ విమానం ఒకటి వచ్చింది. ఇంత కిందకి! ఇటో ఊపు, అటో ఊపు. మా అమ్మ చెప్పింది, రెక్క ఊపితే వానొస్తుందని. ఆ సాయంత్రం కుండపోత!"

"ఈ కథ పోయిన నెల కూడా చెప్పావు."

"పోయిన నెల కూడా జుట్టు పెరిగింది కదా సార్."

ఎదురుగా అద్దం ఉంది. నేను చూడలేదు. మెడకి కట్టిన గుడ్డ నేనే విప్పుకున్నాను.

రంగు వద్దన్నాను.

మే 5

ఇవాళ దిగడం కుదిరింది, మూడుసార్లూ. పంతులమ్మ కిందకి దూకి, "ఇక నా పని లేదు. ఒంటరిగా వెళ్ళండి" అంది. "వెళ్ళేలోగా ముందు సీటు బెల్టు కట్టేయండి."

ఖాళీ సీటు బెల్టులు వదులుగా ఉండకూడదు. ఒకదాంట్లో ఒకటి దూర్చి బిగించి కట్టాలి. అది అందరికీ నేర్పే మొదటి పాఠం.

వంగాను. బెల్టు చేతిలోకి తీసుకున్నాను. వేళ్ళు కదల్లేదు.

తల తిరుగుతోందని చెప్పి వచ్చేశాను. తల బాగానే ఉంది.

ఈ సంగతి ఎప్పుడూ రాయలేదు. దేవుడికి మాత్రం చెప్పాను. ఆయనకి చెప్పినంత మాత్రాన సరిపోలేదు కాబోలు.

అప్పుడు, నేర్చుకునే రోజుల్లో, అమ్మకి రాశాను, గురువారం పదింటికి డాబా మీద ఉండమని. ఆ రోజు నాకు ఒంటరిగా ఎగిరే పని. ఇల్లు నా దారిలో లేదు. దారి మార్చుకున్నాను. త్వరగా వెళ్ళాలన్న ఆత్రంలో ముందు సీటు బెల్టు కట్టలేదు.

అమ్మ ఎర్ర దుప్పటి పట్టుకుని నిలబడింది. పక్కన తమ్ముడు, రెండు చేతులూ పైకెత్తి. ఎత్తు తగ్గించాను. రెక్క ఊపాను. ఆ ఊపుకి వదులు బెల్టు ఎగిరి ముందు కర్రకి చుట్టుకుంది. ముందు కర్ర కదలకపోతే నా కర్రా కదలదు. విమానం ముక్కు డాబా వైపే ఉంది. అమ్మ నవ్వడం కనబడింది. కాళ్ళు తన్నిపెట్టి రెండు చేతులా లాగాను. బెల్టు జారింది. డాబా దాటాను.

ఎంత ఎత్తులో దాటానో పుస్తకంలో రాయలేదు. నా గాలికి అమ్మ చేతిలో దుప్పటి ఎగిరిపోయింది.

"ఎంత దగ్గరగా వచ్చావే తల్లీ!" అని రాసింది అమ్మ. మురిసిపోయింది.

మా మాస్టారు బెల్టు మీద ఒరుసుకున్న గుర్తు చూసి కనిపెట్టేశారు. ఇంటి సంగతి నేను చెప్పలేదు, బెల్టు సంగతి ఒప్పుకున్నాను. నెల రోజులు భోజనాల గదిలో ఖాళీ కుర్చీలన్నిటికీ తాడు కట్టి, ఆ తర్వాతే తినమన్నారు. పదిమందీ పొట్టలు పట్టుకుని నవ్వేవారు. కట్టాను. తాడు ముడి పడ్డ ప్రతిసారీ ఒక ప్రార్థన. ఈ అలవాటు నాకు అక్కడ మొదలైందే.

చెల్లెలికీ తమ్ముడికీ చెప్పంది అమ్మ మాట కోసమని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

కాదు.

మే 6

వెళ్ళలేదు.

మే 8

వెళ్ళలేదు. చెల్లెలు గమనించింది. నాకిష్టమైన కూర చేసింది. నా గుండె ఎవరో విరిచేశారని ఆమె లెక్క.

మే 9

మానేస్తున్నానని పంతులమ్మతో మొహం మీదే చెప్పాలని వెళ్ళాను. ఉత్తరం రాసి తప్పించుకోవడం మర్యాద కాదు.

బస్సులో వెనక సీటులో ఎవరో పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నారు. పట్టించుకోలేదు.

విమానం బయటే ఉంది. "నావల్ల కాదమ్మా" అని చెబుతుండగా వెనకనుంచి, "ఏడీ? ఎక్కడ వాడు? మా అక్కని ఏడిపించినవాడు ఎక్కడ?"

తమ్ముడు. చంకలో పేపరు, జేబులో కత్తెర. విమానాన్ని చూశాడు. నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"ఇదే," అన్నాడు రెక్క మీద చెయ్యేసి. "ఇదే అది! డాబా మీదకొచ్చింది ఇదే!"

పంతులమ్మ నా వైపు చూసింది. దాచడానికి ఇంకేం లేదు.

"దాన్ని నడిపింది నేనేరా."

"ఏంటీ?"

"టైపు కొట్టలేదు. విమానం నడిపాను. ఆ రోజు బెల్టు కట్టడం మర్చిపోయాను. కర్ర ఇరుక్కుంది. నిన్నూ అమ్మనీ ఇద్దర్నీ చంపేసేదాన్ని." ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి ఎన్నేళ్ళయిందో.

తమ్ముడు నా మాటల్లో సగమే విన్నాడు.

"రెక్క ఊపింది నువ్వా?"

"నేనే. కానీ..."

"నాకోసమా?"

"నీకోసమే. అమ్మకోసం. కానీ ఒరేయ్, చచ్చిపోయేవాళ్ళు..."

"పెద్దక్కా, నేను దాని పొట్ట చూశాను! చక్రం తిరుగుతుంటే చూశాను! మా స్కూల్లో ఒక్కడికైనా ఆ అదృష్టం ఉందా? ముప్పై మూడేళ్ళుగా ఆ ఒక్క కథ మీద షాపు నడుపుతున్నాను!" అని కళ్ళు తుడుచుకున్నాడు. "వాననుకున్నాను. ఇన్నాళ్ళూ వాన కోసమనుకున్నాను."

నేను కూర్చుండిపోయాను, గడ్డి మీదే. వాడూ పక్కన కూర్చున్నాడు. తనకి వచ్చిన పద్ధతిలో ఓదార్చాడు.

"నేను రోజుకి ముప్పైమందికి మెడకి గుడ్డ కడతాను. ఓసారి పెళ్ళికొడుక్కి కట్టడం మర్చిపోయా. జుట్టంతా చొక్కాలోకి పోయింది. పీటల మీద గోక్కుంటూనే ఉన్నాడట, పాపం. అలాగని మర్నాడు షాపు తెరవలేదా? తెరిచా. గుడ్డ మాత్రం రెండు ముళ్ళు వేశా. లే. వెళ్ళి కట్టు. నేను చూస్తా."

లేచాను. కట్టాను. వాడు తల దూర్చి లాగి చూశాడు, గిరాకీ మెడ చూసినట్టు. "గట్టిగానే ఉంది."

ఒక చుట్టు. ఏడు నిమిషాలు. ముందు సీటు ఖాళీ. దిగాను. నేల ఒక్కసారే తగిలింది.

"రెక్క ఊపలేదేం?" అన్నాడు వాడు.

"పరీక్షయ్యాక."

మే 10

చెల్లెలికి చెప్పాం. తమ్ముడు చేతులతో చెప్పాడు, నేను తల ఊపాను. బెల్టు సంగతి మాత్రం నేనే చెప్పాను.

ఆమె కుడుతున్నది ఆపేసింది. మిషను చక్రం మీద చెయ్యి పెట్టి కూర్చుంది. చావు తప్పిన సంగతికి ఏడుస్తుందనుకున్నాను.

"మరి అటక?" అంది.

"అటకేంటి?"

"ఎత్తంటే కళ్ళు తిరుగుతాయన్నావు! యుద్ధం నుంచి వచ్చినప్పటినుంచీ ఒక్కసారి స్టూలెక్కలేదు నువ్వు! ముప్పై మూడేళ్ళు అటక మీద సామానంతా నేనే దింపాను. నాకు ఎత్తంటే ప్రాణం పోతుంది, తెలుసా? స్టూలెక్కితే కాళ్ళు గజగజా వణుకుతాయి. పాపం అక్కకి నాకంటే ఎక్కువ భయం కదా అని పళ్ళ బిగువున ఎక్కాను!"

తమ్ముడు నేల మీద పడి నవ్వుతున్నాడు.

అవును, అన్నాను. ఎవరూ ఏమీ అడగకుండా ఉండాలని అప్పుడన్న మాట. ఆ తర్వాత మర్చిపోయాను.

"దేవుడి ముందు కూర్చునేదానివి! ఎంత అబద్ధం! లే. స్టూలెక్కు. ఇప్పుడే. అటక మీద పెద్ద గిన్నె దింపు."

దింపాను.

"ఇంకోటి."

అటక ఖాళీ అయ్యేదాకా వదల్లేదు. అమ్మ ఎర్ర దుప్పటి కూడా దిగింది, అట్టడుగున. దాన్ని పట్టుకున్నాకే చెల్లెలు ఏడ్చింది. తర్వాత టేపు తెచ్చి నా నడుం కొలిచింది. చీరలో విమానమెక్కే మొహం చూడు అని తిట్టుకుంటూ ప్యాంటు కత్తిరించింది.

మే 19

ప్యాంటుకి నాలుగు జేబులు. ఎందుకన్నాను. "ఒకటి దేవుడికి. మిగతావి నీ అబద్ధాలకి" అంది.

మే 20

మైదానం నిండా జనం. తమ్ముడు షాపు మూసి గిరాకీలందర్నీ తీసుకొచ్చాడు. ఒకాయనకి సగం గడ్డమే తీసి ఉంది. చెల్లెలు రాలేదు. "నేను డాబా మీద ఉంటా. అంతకంటే ఎత్తు నావల్ల కాదు" అంది.

నాతో నేర్చుకున్న ముగ్గురూ వచ్చారు. ఒకామె కర్రతో, ఒకామె మనవరాలి చెయ్యి పట్టుకుని. మూడో ఆమె నన్ను చూడగానే, కూర్చోబోతున్న కుర్చీకి తన రుమాలు కట్టేసింది. నలుగురం నవ్వలేక చచ్చాం.

ముందు సీటు బెల్టు కట్టాను. లాగి చూశాను. దిగి, మళ్ళీ ఎక్కి చూశాను. పంతులమ్మ వచ్చి చూసింది. తమ్ముడు జనానికి అడ్డంగా కట్టిన తాడు దాటి పరిగెత్తుకొచ్చి చూశాడు. వాణ్ణి లాక్కెళ్ళారు.

పరీక్ష: మైదానం, రైలు వంతెన, నీళ్ళ ట్యాంకు, మళ్ళీ మైదానం. ఒంటరిగా. ట్యాంకుకి వెళ్ళే దారిలోనే మా ఇల్లు. ఈసారి దారి మార్చాల్సిన పని లేదు.

డాబా మీద ఎర్ర చుక్క. ఎత్తు తగ్గించలేదు. రూలు ప్రకారం ఎంత ఎత్తు ఉండాలో అంతే. ఇటో ఊపు. అటో ఊపు. కర్ర మెత్తగా కదిలింది.

అమ్మా, అన్నాను. తర్వాత దేవుడితో, ఇక ఆ సంగతి ఎత్తనులే, అన్నాను.

నలభై ఒక్క నిమిషాలు. దిగాను. పాత లాగ్ పుస్తకంలో చివరి గీత నా చేత్తో నేనే నింపాను. పంతులమ్మ బ్యాడ్జీ పెట్టబోయి, "మీ అంతట మీరే పెట్టుకోండమ్మా, నా చేతుల నిండా నూనె" అంది.

అయిదింటికి మబ్బు పట్టింది. ఆరింటికి వాన. తమ్ముడు వీధంతా తడుస్తూ తిరిగాడు, తలుపు తలుపూ కొట్టి: "చెప్పానా? చెప్పానా లేదా?"

మే 21

డిపో. 8.40 బస్సు టైముకే వెళ్ళింది.

జూన్ 14

ముందు సీట్లో ఒకర్ని ఎక్కించుకోవచ్చని క్లబ్బు నుంచి కాగితం వచ్చింది. తమ్ముడు తయారయ్యాడు. చెల్లెలు వాణ్ణి మోచేత్తో పక్కకి నెట్టింది.

"జరుగు. ముప్పై మూడేళ్ళు అటకెక్కింది నేను."

వెనకనుంచి తోసి ఎక్కించాం. కూర్చోగానే కళ్ళు గట్టిగా మూసుకుంది.

"అక్కా, బెల్టు."

"కట్టాను."

"ఇంకా గట్టిగా."

"కట్టాను."

"నువ్వు ప్రార్థన చేసుకున్నావా?"

"చేసుకున్నాను."

"నాకు కూడా చెయ్యి. అయ్యాక కళ్ళు తెరుస్తా."

వెయ్యి అడుగుల దగ్గర గొట్టంలో ఏ చప్పుడూ రాలేదు. తర్వాత చాలా చిన్నగా ఈల వినబడింది.

ముందు సీటు బెల్టు కట్టే ఉంది. లోపల మా చెల్లెలు ఉంది.